ఆ డబ్బాలో నేనిచ్చింది గళ్ళ కాదు

రంగమ్మవ్వను మంచం మీంచి కుర్చీలోకి మార్చడం నాకు కొత్త పని కాదు. ఆమె రెండు చేతులూ నా మెడ చుట్టూ వేయించుకుని, నా మోకాలు ఆమె మోకాలికి ఆనించి, "ఒకటి, రెండు, లే అవ్వా" అంటే చాలు, లేచి కుర్చీలో కూర్చునేది. ఆ రోజు పొద్దున కూడా అలాగే లేపబోయాను. సగంలో నా కాళ్ళు వణికాయి. ఇద్దరం కలిసి మళ్ళీ మంచం మీదే కూలబడ్డాం. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "ఏమే ముంతాజూ, తుంటి ఇరగ్గొట్టుకున్నేది నేనా, నువ్వా?" అంది. నవ్వాను. నవ్వుతుంటే దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

నా ఒంట్లో ఏదో తేడాగా ఉందని మొదటిసారి అనిపించింది ఆ రోజే. అనిపించింది కదా అని పట్టించుకున్నానా అంటే, అదీ లేదు.

మాది హిందూపురం. మా ఆయన బాషా చింతపండు మార్కెట్లో తూకం దగ్గర పని చేస్తాడు. కూతురు రేష్మా ఇంటర్ చదువుతోంది. మా అత్త మాతోనే ఉంటుంది. నేను కేర్‌టేకర్ని. మంచం పట్టిన పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసుకుంటాను. ధర్మవరంలోని ఒక ఏజెన్సీ మూడు నెలలు ట్రైనింగ్ ఇచ్చి నన్ను ఈ పనిలో పెట్టింది. తొమ్మిదేళ్ళుగా ఇదే బతుకు. బీపీ చూస్తాను, షుగర్ చూస్తాను, బెడ్ సోర్లు రాకుండా పక్కకు తిప్పుతాను. పేషెంట్ల దగ్గర యూరిన్ గానీ, గళ్ళ అంటే ఛాతీలోంచి వచ్చే కఫం గానీ, ఏ శాంపిల్ కావాలన్నా తీసి ల్యాబ్‌లో ఇచ్చి వస్తాను. "ముంతాజ్ తెచ్చిన శాంపిల్ వెనక్కి రాదు" అని మా వాళ్ళలో నాకు పేరు. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం మిడిసిపాటు కూడా ఉండేది.

రంగమ్మవ్వ ఇల్లు పెనుకొండలో. ఎనభై రెండేళ్ళ మనిషి. బాత్రూంలో జారిపడి తుంటి విరిగితే ఆపరేషన్ చేశారు. ఆమె కూతురు శారదక్క హైస్కూల్ టీచర్. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. సోమవారం పొద్దున రైలెక్కి పెనుకొండ పోతే, మళ్ళీ శనివారం సాయంత్రమే నేను హిందూపురం రావడం. ఆరు రోజులూ అవ్వ గదిలోనే, అవ్వ మంచం పక్కనే చాప. గాలి తగిలితే కాలు లాగుతుందని అవ్వ కిటికీలు తెరవనిచ్చేది కాదు. నేను తినకుండా ఆమె తినేది కాదు. "నువ్వు నా ఎదురుగా కూర్చోని రెండు ముద్దలు తింటేనే నాకు దిగుతాది" అనేది. అలా మూసిన గదిలో, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని ఇద్దరం రాగిసంగటి తినేవాళ్ళం. నాకు అదెంతో ఇష్టంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

దగ్గు తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. మా ఆయన బట్టలకు అంటుకొచ్చే దుమ్ము వల్ల దగ్గు అనుకున్నాను. రైల్లో చల్లగాలి వల్ల జ్వరం అనుకున్నాను. అవ్వకు ఎప్పుడో రాసిన దగ్గు సిరప్ సగం మిగిలుంటే అది తాగాను. ఇదే వేరేవాళ్ళు చేస్తే వాళ్ళకు గంటసేపు క్లాసు పీకేదాన్ని. దగ్గు మరీ ఎక్కువైతే పెరట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని దగ్గి వచ్చేదాన్ని. కేర్‌టేకర్ దగ్గుతోందంటే ఆ ఇంట్లో పని పోయినట్టే. అది మా వాళ్ళందరికీ తెలుసు.

మూడు వారాలు ఇలా గడిచాక ఏజెన్సీ నుంచి ఫోన్లో మెసేజ్ వచ్చింది. ఎక్కడో ఒక కేర్‌టేకర్‌కు టీబీ బయటపడిందట. అందుకని అందరూ ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ టెస్ట్ చేయించుకుని ఆ కాగితం చూపించాలి, కాగితం లేనివాళ్ళకు డ్యూటీ లేదు. చదవగానే గుండెల్లో రాయి పడింది. ఎందుకు పడిందో నాకు బాగా తెలుసు.

సోమవారం రైలుకు ముందే ఆసుపత్రికి వెళ్ళాను. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, బయట చెట్టు కింద నిలబడి లోపలి నుంచి దగ్గి గళ్ళ తెమ్మన్నారు. ఎలా తేవాలో నాకెవరూ చెప్పక్కర్లేదు. నోరు పుక్కిలించి, రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చుకుని, మూడోసారి పొట్ట బిగించి ఛాతీలోంచి దగ్గాలి. ఎంతమంది ముసలివాళ్ళ వీపు మీద చెయ్యేసి అలా దగ్గించానో లెక్క లేదు. ఆ రోజు మాత్రం నేను దగ్గలేదు. గొంతు సవరించి, నోట్లో ఊరిన ఉమ్మి డబ్బాలో వేశాను. పైపైన నురగ. మర్నాడు నేను పెనుకొండలో ఉంటాను కాబట్టి, అప్పుడు ఇవ్వాల్సిన రెండో డబ్బా ముందే నింపి మా ఆయన చేత పంపించాను. అందులోనూ అదే.

మొదటి డబ్బాను ల్యాబ్ అబ్బాయి వెలుతురులో పెట్టి చూశాడు. "అక్కా, ఇది ఉమ్మి మాదిరి ఉండాదే. గళ్ళ రాకుంటే రేపు రా."

"ఏమప్పా, తొమ్మిదేండ్లు ఇదే పని చేస్తాండా. గళ్ళకూ ఉమ్మికీ తేడా నాకు తెలీదా? నాకు పల్చగానే వస్తాది," అన్నాను.

అంత గట్టిగా చెప్పేసరికి పాపం అతను తీసుకున్నాడు. తప్పు అతనిది కాదు. ఎంత అనుభవం ఉందని చెప్పుకుని అబద్ధమాడానో, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. టెస్ట్ అంటే భయపడి తప్పించుకునేవాళ్ళు ఉంటారు. టెస్ట్‌ను ఎలా మోసం చేయాలో తెలిసింది మాత్రం మాలాంటి వాళ్ళకే.

నెగటివ్ అని వచ్చింది. ఆ కాగితం శారదక్కకు చూపించాను. ఆమె చదివి, "అమ్మయ్య, నీ దగ్గు ఇని నాకు భయమైతాండె ముంతాజ్. ఇంక నిమ్మళం" అని ఫైల్లో పెట్టింది. నాకు ముఖం చెల్లలేదు. అవ్వకు నీళ్ళు కాచే నెపంతో వంటింట్లోకి పోయాను. ఏం లాభం, కాసేపటికి అదే కాగితం నాకు కూడా ధైర్యం చెప్పడం మొదలుపెట్టింది. నెగటివ్ అని రాసుంది కదా, ఏమీ ఉండదులే అనుకున్నాను. మనిషి తన అబద్ధాన్ని తానే నమ్మగలడని అప్పుడు తెలిసింది.

ఇంకో ఆరు వారాలు అవ్వ గదిలోనే దగ్గుతూ గడిపాను.

ఒక ఆదివారం హిందూపురంలో బట్టలు ఉతుకుతుంటే దగ్గు తెర వచ్చింది. బండ మీద ఎర్రగా పడింది. రేష్మా చూసి కేక పెట్టింది. మా ఆయన మాట్లాడకుండా నన్ను బండెక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. దారంతా నాకు ఒకటే ఆలోచన. నేనేమైపోతానో అని కాదు. అవ్వ సంగతే.

డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. ఎక్స్-రే తీయించింది. "రైట్ సైడ్ అప్పర్ లోబ్‌లో, అంటే ఊపిరితిత్తి పైభాగంలో, ప్యాచ్ ఉంది. ఎన్నాళ్ళ నుంచి దగ్గు?" అని అడిగింది. చెప్పాను. "రెండు నెలలు దాటిందే! గళ్ళ టెస్ట్ చేయించుకోలేదా?"

"నెగటివ్ వచ్చింది మేడమ్," అంది నా నోరు. మా ఆయన పక్కనే ఉన్నాడు. ఆమె ఎక్స్-రే కింద పెట్టి, "ఎక్స్-రే ఇలా ఉంటే నెగటివ్ ఎలా వస్తుంది? శాంపిల్ సరిగ్గా ఇచ్చావా?" అంది. అప్పుడు ఏడుపు ఆపుకోలేకపోయాను. జరిగిందంతా చెప్పేశాను. మా ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది. ఒక డబ్బా నా చేతిలో పెట్టి, "ఇప్పుడు నిజం ఇవ్వు" అంది.

ఈసారి ఛాతీ పగిలేలా దగ్గి ఇచ్చాను. టీబీ క్రిమిని పట్టే ట్రూనాట్ మిషన్లో పెట్టారు. పాజిటివ్. రిఫాంపిసిన్ రెసిస్టెన్స్ లేదు, అంటే మామూలు మందులకు లొంగే టీబీనే అన్నారు. "ఆరు నెలలు మందులు. ఒక్క రోజు కూడా మానకుండా వేసుకుంటే నయమవుతుంది. నయమవుతుందని నేను ఊరికే అనడం లేదు, రోజూ చూస్తున్నాను," అని, వెంటనే అడిగింది, "నువ్వు పని చేసే ఇంట్లో ఎవరెవరుంటారు? వాళ్ళకు నువ్వు చెప్తావా, మమ్మల్ని చెప్పమంటావా?"

"నేనే చెప్తా," అన్నాను.

ఫోన్ చేయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. మా ఆయన, "రోగం సంగతి చెప్పు సాలు. ఆ ఉమ్మి సంగతి ఎందుకు? ఎవురికి తెలుస్తాది?" అన్నాడు. ఆయన మాట కూడా నిజమే. ఎవరికీ తెలియదు. కానీ ఫైల్లో నెగటివ్ కాగితం ఉన్నంతకాలం శారదక్క లెక్క వేరుగా ఉంటుంది. ఈ మధ్యే అంటుకుంది అనుకుంటుంది, అవ్వకు టెస్టు రేపు చేయిద్దాంలే అనుకుంటుంది. ఫోన్ ఎత్తగానే అంతా చెప్పాను. మొదట రోగం సంగతి, తర్వాత డబ్బా సంగతి.

"నీకు రోగం వచ్చిందని నాకు కోపం లేదు ముంతాజ్. ఎవురికైనా వస్తాది. నా కండ్ల ముందర ఆ కాగితం పెట్టినావు సూడు..." అంది. ఫోన్ పెట్టేసింది.

మరుసటి రోజు నుంచి మందులు. నా బరువు నలభై నాలుగు కిలోలకు దిగింది కాబట్టి రోజుకు మూడు మాత్రలు, పరగడుపున. మొదటి రోజు యూరిన్ నారింజ రంగులో వస్తే భయపడొద్దని ముందే చెప్పారు కాబట్టి బతికిపోయాను. మా ఇంట్లో వాళ్ళందరికీ ఎక్స్-రే తీశారు, అందరూ క్లియర్. అత్త మాత్రం నా కంచం, నా గ్లాసు వేరుగా పెట్టింది. ఆశా కార్యకర్త వచ్చి, "కంచంతో రాదు అత్తా, దగ్గితే గాలితో వస్తాది. కిటికీలు తెరువు, మాస్కు పెట్టుకోమను, సాలు" అని చెప్పాక, మూతి ముడుచుకునే అయినా నా కంచం మళ్ళీ అందరి కంచాల్లో కలిపింది.

అవ్వ సంగతి మాత్రం తెలియలేదు. శారదక్క ఫోన్ ఎత్తడం లేదు. పెనుకొండ ఆసుపత్రి నుంచి వాళ్ళింటికి మనిషి వెళ్ళాడని మాత్రం డాక్టరమ్మ చెప్పింది. తుంటికి రాడ్ వేసిన మనిషిని ఎక్స్-రేకు ఎలా ఎత్తారో, మెడ చుట్టూ చేతులు వేయించుకోవడం ఎవరికైనా తెలుసో లేదో. పన్నెండు రోజులు ఇలాగే. మాత్రలు మింగినప్పుడల్లా ఇవి అవ్వ కూడా మింగాల్సి వస్తే ఆ ఒళ్ళు తట్టుకుంటుందా అనుకునేదాన్ని. నమాజులో నా కోసం ఏమీ అడగలేదు.

పదమూడో రోజు ఫోన్ మోగింది. శారదక్క పేరు కనిపించింది. ఎత్తితే అవతల అవ్వ.

"ఏమే, యాడికి సచ్చినావు? ఈ కొత్త పిల్ల నన్ను బియ్యం మూట ఎత్తినట్ల ఎత్తుతాది. నీ ఒళ్ళు ఎట్లుండాది?"

"నా ఒళ్ళు పోనీలే అవ్వా. నీ ఎక్స్-రే ఏమైంది?"

"నాకేమైతాది? నాకేం లేదంట. అయినా వారానికొకసారి మాత్రలు మింగల్లంట. ఇదిగో, శారద చెప్తాది."

శారదక్క పొడిపొడిగా చెప్పింది. ఎక్స్-రే క్లియర్. దగ్గు, జ్వరం లేవు. చేతికి వేసిన స్కిన్ టెస్ట్ మాత్రం పాజిటివ్. అంటే క్రిమి ఒంట్లో ఉంది, జబ్బుగా మారలేదు. మారకుండా వారానికోసారి చొప్పున పన్నెండు వారాలు మందు. శారదక్కకు రెండూ నెగటివ్. విని నేలమీద కూర్చుండిపోయాను. ఏడ్చాను, నవ్వాను. తర్వాత డాక్టరమ్మను అడిగాను, అది నా నుంచే వచ్చిందా అని. "చెప్పలేం. ఆ వయసు వాళ్ళలో ఎప్పటి నుంచో ఉండి ఉండొచ్చు, నీ నుంచీ వచ్చి ఉండొచ్చు. కానీ నువ్వు చెప్పబట్టే మందు మొదలైంది. అది గుర్తుపెట్టుకో," అంది. నాకు రెండూ గుర్తున్నాయి.

కష్టాలు అంతటితో తీరాయనుకుంటే పొరపాటు. అయిదో వారంలో వాంతులు పట్టుకున్నాయి. అన్నం వాసన పడేది కాదు, కళ్ళు పచ్చబడ్డాయి. ఎల్ఎఫ్‌టీ అనే లివర్ టెస్ట్ చేసి, మందులు లివర్ మీద పడ్డాయన్నారు. అన్ని మాత్రలూ ఆపేశారు. మానొద్దని చెప్పినవాళ్ళే మానమనేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి. పది రోజుల తర్వాత రక్తం మళ్ళీ చూసి, ఒక్కో మందే మొదలుపెట్టారు. డాక్టరమ్మ ప్రతిసారీ ఒకటే మాట: "నీ అంతట నువ్వు ఆపకూడదు. నేను ఆపితే వేరు." ఆ తర్వాత మళ్ళీ ఇబ్బంది రాలేదు.

ఆ కోలుకునే రోజుల్లోనే రంజాన్ వచ్చింది. ఉపవాసం ఉంటానని పట్టుబట్టాను. చేసిన పాపం కొంచెమైనా తగ్గుతుందని నా ఆశ. మా అత్తే అడ్డం పడింది. "అల్లా నీ కడుపు సూడడు పాపా, మనసు సూస్తాడు. మాత్ర మింగు," అని నీళ్ళ చెంబు చేతిలో పెట్టింది. నా కంచం వేరు పెట్టిన మనిషే! ఆ రోజు నుంచి రోజూ పొద్దున మాత్రలు ఆమే తీసి ఇచ్చేది.

నాలుగో నెలలో బరువు పెరిగింది, జాకెట్లు మళ్ళీ బిగుతయ్యాయి. గళ్ళ టెస్ట్ నెగటివ్. ఈసారి నిజం నెగటివ్. ఒంట్లో శక్తి వచ్చాక ధర్మవరం వెళ్ళాను. ఏజెన్సీలో నెలకోసారి కేర్‌టేకర్లందరం కలుస్తాం. సూపర్‌వైజర్ సారును అడిగి, అందరి ముందూ నిలబడి డబ్బా సంగతి చెప్పాను. చెప్పేటప్పుడు తలెత్తలేదు. చెప్పి కూర్చున్నాక వెనక నుంచి ఒకామె లేచింది. "నేనూ అట్లే ఇచ్చినా అక్కా," అంది. ఇంకొకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెయ్యెత్తింది. మరుసటి రోజే ఇద్దరినీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోయాను. ఒకామెకు ఏమీ లేదు. చెయ్యెత్తిన ఆమెకు ఉంది, కానీ మొదట్లోనే దొరికింది. ఇప్పుడు ఆమె కూడా మందులు వాడుతోంది, దగ్గు తగ్గింది. అప్పుడప్పుడు ఫోన్ చేసి మాత్రల గురించి నన్ను తిడుతుంది. తిట్టించుకుంటాను.

నా మందులు పూర్తయి రెండు నెలలైంది. పూర్తయిన వారం పెనుకొండ పోయాను. అవ్వ పన్నెండు వారాల మందు అప్పటికే అయిపోయింది. డాక్టరమ్మ ఇచ్చిన కాగితం, కొత్త ఎక్స్-రే పట్టుకుని గడప బయటే నిలబడ్డాను. శారదక్క వచ్చింది. కాగితం చాచాను. ఆమె తీసుకోలేదు.

"కాగితం వద్దు. నువ్వు చెప్పు. తగ్గిందా?"

"తగ్గిందక్కా."

"గళ్ళే ఇచ్చినావా?"

"గళ్ళే ఇచ్చినా."

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను కళ్ళు దించుకోలేదు. పక్కకు జరిగి, "అమ్మ పొద్దున్నుంచి కూర్చోబెట్టనీలేదు. పోయి లేపు" అంది.

ఇప్పుడు మళ్ళీ అక్కడే పని. అవ్వ గదిలో కిటికీలు పగలంతా తెరిచే ఉంటాయి. కాలు లాగుతోందని అవ్వ రోజూ నన్ను తిడుతుంది. నేను దుప్పటి కప్పుతాను గానీ కిటికీ మూయను.

నాలాంటి పని చేసే అక్కచెల్లెళ్ళకు ఒక్క మాట. టెస్టుకు డబ్బా ఇచ్చినప్పుడు ఛాతీలోంచి గళ్ళ తీసి ఇవ్వండి. రాకపోతే రాలేదని చెప్పండి. ఎవరూ కొట్టరు. ఇంకో డబ్బా ఇచ్చి, రేపు లేవగానే పట్టి తెమ్మంటారు. రోగం ఉంటే కొన్నాళ్ళు డ్యూటీ పోతుంది, అంతే. ఆ డ్యూటీ పోకూడదని నేను ఆరు వారాలు ఒక ముసలిదాని ఎదురుగా కూర్చుని, ఆమె ముద్ద తింటుంటే దగ్గాను.